ఒక వేలు, మూడు జిల్లాలు

గద్వాలకు జనం చీరల కోసం వెళతారు, కోట చూడ్డానికి వెళతారు. నేను ఒక చూపుడువేలి కోసం వెళ్లాను. వేలు నాది కాదు, ఈరన్నది.

ఈరన్న గద్వాల నేతగాడు. నిరుడు మలేషియాలో మనవాళ్ల సంఘం ఒకటి చేనేత ప్రదర్శన పెట్టి, మగ్గం మీద నేసి చూపించడానికి అతన్ని పిలిచింది. అతని మాట అక్కడివాళ్లకూ, వాళ్ల మాట అతనికీ చెప్పడానికి నన్ను పంపారు. తణుకులో ఇరవై తొమ్మిదేళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆ పనికి నేను తగుదునని అందరూ అనుకున్నారు. అందరికంటే గట్టిగా నేను అనుకున్నాను. మెడలో ‘అనువాదకుడు’ అని ఒక బిళ్ల కూడా వేశారు. స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప దాన్ని తీయలేదు.

రెండోరోజు ఈరన్న తడి రాయి మీద జారిపడ్డాడు. కుడిచేతి చూపుడువేలు విరిగింది. గుమ్మంలోనే ఫౌంటెన్ ఉన్న ఒక ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఫౌంటెన్ చూసి మంచి ఆస్పత్రి అనుకున్నాను. ఆపరేషన్ చేసి వేలిలో తీగ పెట్టారు. ఇంటికొచ్చాక ఇక్కడి డాక్టరు ఆ తీగ తీశాడు. తీగ వచ్చింది గానీ వేలు మళ్లీ వంగలేదు. కర్రలా నిటారుగా నిలబడిపోయింది, కొస మొద్దుబారింది. పట్టీ కట్టి ఆరు వారాలు ఊరుకుంటే అతుక్కునే విరుపుకు కత్తి ఎందుకు పెట్టారని ఆ డాక్టరు అడిగాడట.

ఆస్పత్రికి నేను నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. నా ఇంగ్లీషు మీద నాకే ముచ్చటేసింది. వాళ్లు చాలా మర్యాదగా జవాబిచ్చారు. పరిహారం ఆలోచించాలంటే రెండు కాగితాలు కావాలన్నారు. మొదటిది, ఈ వేలివల్ల పని ఎంత పోయిందో చేతుల డాక్టరు రాసిచ్చే పత్రం. రెండోది, ఆపరేషన్‌కు ముందు రోగికి అన్నీ వివరించిన అనువాదకుడి వాంగ్మూలం, నోటరీ చేయించి. దాంతోపాటు అప్పటి అంగీకారపత్రం నకలు జతచేశారు. ‘పట్టీ కట్టుకునే దారి కూడా ఉందనీ, ఆపరేషన్ చేస్తే వేలు బిగుసుకుపోయే ప్రమాదం ఉందనీ రోగికి అతని భాషలో వివరించాను. రోగి ఆపరేషనే కోరుకున్నాడు’ అని అందులో ఉంది. కింద నా సంతకం. ఆ వాక్యాలు నేను చదవడం అదే మొదటిసారి. ఒక్క వ్యాకరణ దోషం లేదు. నిజమూ లేదు. వాటిలో ఒక్క ముక్కా నేను ఈరన్నకు చెప్పలేదు. ఏం చెప్పానో చివర్లో రాస్తాను.

రెండో కాగితం మొత్తం ఒక పేరా. ఇంట్లో కూర్చుని పావుగంటలో రాయొచ్చు. మొదటిదాని కోసం మూడు జిల్లాలు తిరగాలి. నేను వెంటనే సంచి సర్దుకున్నాను. మొదటి కాగితం గట్టిగా వస్తే రెండోది లేకపోయినా నడుస్తుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. రెండో కాగితమనేది ఒకటుందని ఈరన్నతో అనలేదు.

ఇంతకీ పరిహారం వచ్చిందా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఇంకా తెలియదు. ప్రయాణం సంగతి మాత్రం తెలుసు.

గద్వాల

సోమవారం పొద్దున దిగాను. ఈరన్న బస్టాండుకే వచ్చి రెండు చేతులూ జోడించాడు. తొమ్మిది వేళ్లు ఒకదాన్నొకటి ముడేసుకుని నమస్కారం పెట్టాయి, పదోది నా వైపు చూపిస్తూ నిలబడింది. అతనేమీ కావాలని చేయలేదు. ఆ వేలు ఇప్పుడు ఎప్పుడూ ఎవరినో ఒకరిని చూపిస్తూనే ఉంటుంది. అయినా నేను సంచి సర్దుకునే నెపంతో తల దించుకున్నాను.

“దా సార్, ముందుగాల వగ్గాని తిందాం” అన్నాడు.

బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే అది వగ్గాని. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు ఇచ్చారు, అన్నీ కలిపి నలభై రూపాయలు. మా వైపు బొరుగులంటే పసిపిల్లల తిండి. ఇక్కడ దాన్ని కారంతో పెద్దవాణ్ణి చేశారు. కొట్టాయన పక్క బల్లవాళ్లతో కన్నడంలోనూ మాతో తెలుగులోనూ మాట్లాడుతూ మధ్యలో ఎక్కడా తడుముకోలేదు. మెడలో బిళ్ల లేకుండానే.

ఇక్కడ చదువుకోని ముసలమ్మ దగ్గర్నుంచి డాక్టరు దగ్గర కాంపౌండరు దాకా నన్ను ‘సార్, నువ్వు’ అన్నారు. మా జిల్లాలో కుక్కను అదిలించినా చివర ‘అండి’ చేరుస్తాం. మొదటి గంట కాస్త ముల్లులా గుచ్చుకుంది. ఆ ‘నువ్వు’లో చిన్నచూపు లేదనీ, మా ‘అండి’లో ఎప్పుడూ గౌరవమే ఉండదనీ సాయంత్రానికి అర్థమైంది.

ఈరన్న ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి అతనిది, ఒకటి భార్య జయమ్మది. జయమ్మ మగ్గం ఖాళీగా, దుప్పటి కప్పి ఉంది. ఎందుకని అడిగాను.

“నేనీడ కూసుంటే ఆయన పక్కల ఎవరు కూసుంటరు సార్?” అంది.

గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. నేసేటప్పుడు అంచు దగ్గర ఆ పోగూ ఈ పోగూ ఒకదాన్నొకటి మెలేసి పట్టుకోవాలి. ప్రతి వరసకూ, రెండు పక్కలా. ఆ మెలిక వేసేది చూపుడువేలే. ఇప్పుడు అడ్డపోగు మోసే నాడెను ఈరన్న తోస్తాడు, పక్కన కూర్చుని జయమ్మ మెలిక వేస్తుంది. ఇద్దరూ కలిసి ఒక చీర నేస్తున్నారు, అదీ మునుపటికంటే రెట్టింపు రోజులు పట్టి.

“ఇంట్ల రెండు మగ్గాలు, నాలుగు చేతులు, ఒక చీర” అని నవ్వింది జయమ్మ. నవ్వాక కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ నవ్వుకు ఎటు చూడాలో నాకు తెలియలేదు.

చేతుల డాక్టరు హైదరాబాదు నుంచి వస్తాడు. సోమవారం గద్వాల, మంగళవారం వనపర్తి, బుధవారం నాగర్‌కర్నూలు. ఊరూరా ఒక మందుల షాపు వెనక గది. మేం వెళ్లేసరికి, ఏదో పెళ్లి ఉందని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. షాపాయన ఫోను కలిపి ఇచ్చాడు. డాక్టరు సూటి మనిషి. “వేలు కొలిస్తే వేలు సంగతే తెలుస్తది. పని ఎంత పోయిందో రాయాలంటే పని చూడాలె. నేస్తుంటే వీడియో తీసి పట్కరండి” అన్నాడు.

న్యాయమైన మాటే. కానీ ఈరన్న మగ్గం మీద నిలువు పోగుల పడుగు ముందురోజే అయిపోయింది, కొత్తది ఎక్కించడానికి రెండు రోజులు పడుతుంది.

“అమరచింతల మా బామ్మర్ది మగ్గం నడుస్తుంది సార్. వనపర్తికి పొయ్యే తొవ్వలనే గద” అన్నాడు ఈరన్న.

జూరాల

మంగళవారం పొద్దున్నే బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి వాళ్లు కూర్చున్నారు. టికెట్ కొన్న మగవాళ్లం నిలబడ్డాం. మా వైపూ ఈ మధ్య ఇదే ఏర్పాటు, కొత్తేమీ అనిపించలేదు.

ఈరన్న “రెండు జూరాల” అన్నాడు. కండక్టరమ్మ అతని చెయ్యి చూసి ఒకటే కొట్టింది. నోరు రెండంటున్నా చెయ్యి ఒకటి చూపిస్తుంటే జనం చేతినే నమ్ముతారు. టీ కొట్లోనూ ఇదే జరిగింది. రెండడిగితే ఒక్క టీ వచ్చింది. నాలుగైదుసార్లు ఇలా అయ్యాక ఈరన్న ఏదైనా అడిగేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టుకోవడం గమనించాను. అప్పటిదాకా నవ్వుకుంటూ ఉన్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

దారిలో కృష్ణ మీది డ్యాము దగ్గర దిగి చేపలు తిన్నాం. అప్పుడే పట్టిన చేపకు కారం, అల్లం పట్టించి పెనం మీద కాల్చి ఇస్తారు, ప్లేటు నూటయాభై. పులస తిన్న నోటితో వేరే చేపను మెచ్చుకోకూడదని మా గోదావరివాళ్ల పట్టుదల. ముళ్లు తీసుకుంటూ రెండు ప్లేట్లు మెచ్చుకోకుండా తిన్నాను. చేప ముల్లు తీయడం చూపుడువేలు లేకుండా ఎంత కష్టమో పక్కన ఈరన్నను చూస్తే తెలిసింది. అతని ప్లేటు నా ముందుకు జరుపుకుని ముళ్లు తీసిపెట్టాను. వద్దనలేదు గానీ, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి చూసుకున్నాడు.

అమరచింత

బావమరిది పేరు తిమ్మప్ప. ఊళ్లోకి వెళ్తుంటేనే మగ్గాల చప్పుడు. మా ఊళ్లో ఇంత పొద్దున ఇంత చప్పుడు ఎన్నికలప్పుడు తప్ప వినబడదు. తిమ్మప్ప మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, సంగతి విని, తన మగ్గం మీద నుంచి లేచాడు. ఎర్రంచు మామిడిపచ్చ చీర, సగం అయింది. సంగతి ఎలా పాకిందో గాని, నేను ఫోను బయటికి తీసేసరికి చుట్టుపక్కల నేతగాళ్లు అయిదారుగురు గుమ్మంలో నిలబడ్డారు.

ఈరన్న మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. మగ్గానికి దండం పెట్టాడు. నేను వీడియో నొక్కాను.

తర్వాత జరిగింది చెబితే మీరు నమ్మరు. ఈరన్న అద్భుతంగా నేశాడు.

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. అంచు దగ్గర చూపుడువేలి బదులు నడిమివేలు వంచి పోగు పట్టాడు, మెలేశాడు, వదిలాడు. ఒక్క వరస తప్పలేదు. అంచు గీత గీసినట్టుంది. నుదుటి మీద చెమట పట్టి కణతల మీదుగా కారుతోంది. దవడ బిగిసిపోయింది. గుడ్డలో మాత్రం ఏమీ కనబడలేదు.

నేను ఆపి, “ఈరన్నా, ఇది కాదు. ఇంట్లో రోజూ ఎలా నేస్తున్నావో అలా నెయ్యి. తప్పు పోతుంటే పోనీ. తిమ్మప్ప భార్యను పక్కన కూర్చోబెట్టుకో, జయమ్మ కూర్చున్నట్టు” అన్నాను.

“సరే సార్” అన్నాడు.

రెండోసారి తీశాను. మొదటిదానికంటే బాగా నేశాడు. పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు.

“ఈరన్నా, డాక్టరుకు చూపించాల్సింది నీకు నెయ్యడం చేతకావట్లేదని!”

గుమ్మంలో నేతగాళ్లు నా వైపు ఒకలా చూశారు. ఈరన్న గుంటలో నుంచి తలెత్తాడు.

“మంది సూస్తుంటె తప్పు నేస్తనా సార్? గీ చీర తిమ్మప్పది. రేపు ఎవరో కట్టుకుంటది. నా తప్పు ఆమె ఒంటి మీద తిరగాల్నా?”

“నాలుగు వరసలే కదా, తర్వాత విప్పేయొచ్చు.”

“విప్పొచ్చు. ఫోన్ల ఉంటది గద” అన్నాడు.

మూడోసారీ తీశాను. అప్పటికి నాకు ఆశ పోయింది. గుమ్మంలో ఒక ముసలాయన “వేలు లేకున్న సుత అంచు సూడు ఎట్లుందో” అన్నాడు. ఈరన్న మొహం వెలిగింది. ఆ మాట కూడా వీడియోలో స్పష్టంగా పడింది. సాక్ష్యం కోసం వచ్చి, మాకు వ్యతిరేకంగా అంతకంటే గట్టి సాక్ష్యం మేమే తయారుచేసుకున్నాం.

మధ్యమధ్య ఆగి చెయ్యి పట్టుకుంటూ, జానెడు నేయడానికి పూటంతా పట్టింది. నేను నొక్కిన మూడుసార్లూ కలిపి వీడియోలో నాలుగు నిమిషాలే వచ్చింది. లేచాక ఈరన్న పెరట్లోకి వెళ్లి చేతిని నీళ్ల బకెట్లో ముంచి చాలాసేపు కూర్చున్నాడు. చొక్కా చేతి గుండీ పెట్టుకోలేకపోతే నేను పెట్టాను. అది వీడియో తీయమంటావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం వచ్చింది, జాలి వేసింది. ఇవి రెండూ పోయాక సిగ్గు మిగిలింది. పని తప్పుగా చేసి చూపించమంటే అతని చెయ్యి ఒప్పుకోలేదు. నా చేతికి అలాంటి పట్టింపులు లేవు, చదవకుండానే సంతకం చేసింది.

వనపర్తి

మూడుసార్లు షూటింగ్ చేసిన ఫలితంగా వనపర్తి చేరేసరికి నాలుగు దాటింది. మందుల షాపులో కాంపౌండరు గది ఊడుస్తున్నాడు.

“ఇప్పుడే పాయె సార్. జర ముందుగాలొస్తే దొరుకుతుండె.”

“ఎంత ముందు?”

“ఒక సినిమా తీసేంత” అన్నాడు. ఏ ఉద్దేశమూ లేకుండానే అన్నాడనుకుంటాను.

లాడ్జిలో దిగి, వెలుతురుండగానే ఊరు చూశాం. ఇక్కడి రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. మా వైపు పాత జమీందారు బంగళాల్లో పెళ్లిళ్లు చేస్తారు. ఇదే నయం. ఈరన్న ఆ కమానులను కాసేపు చూసి, “మంచిగ కట్టిండ్రు. ఎవరు కట్టిండ్రో వాండ్ల పేరు యాడ లేదు” అన్నాడు. కట్టించిన రాజు గురించి కాదు, తాపీ పట్టినవాళ్ల గురించి.

భోజనానికి జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పొడి. రొట్టె పదిహేను రూపాయలు. పుంటికూరంటే మన గోంగూరే. మా గోంగూర పచ్చడి ఘనత గురించి అయిదు నిమిషాలు ఉపన్యసించాను. వడ్డించే ఆమె ఓపిగ్గా విని, “గా పచ్చడి రొట్టెలకు రాదు గద సార్” అని తీర్పిచ్చింది. రొట్టె తుంచడానికి ఈరన్న ఎడమచెయ్యి వాడాడు. ఎడమచేత్తో తినడం తప్పని తెలిసిన మనిషి. గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు.

“డాక్టర్ రాసిస్తడా సార్?” అని అడిగాడు.

“రాయకేం, ఏం కాదులే” అన్నాను. అన్నాక నా మాట నాకే ఎక్కడో విన్నట్టనిపించి రొట్టె పక్కన పెట్టేశాను.

కోడేరు, పొరపాటున

బుధవారం నాగర్‌కర్నూలు బస్సనుకుని ఎక్కింది కోడేరు వెళ్లింది. బోర్డు చదివింది నేనే. సగమే చదివాను, అది నా అలవాటు.

కోడేరులో దిగి షేర్ ఆటో కోసం నిలబడ్డాం. ఎదురుగా కుప్పలుగా పల్లికాయ ఎండుతోంది. పల్లి పీకడానికి పోతున్న ఒకామె, పేరు మరియమ్మ, ఈరన్న వేలు చూసి ఏమైందని మొహమాటం లేకుండా అడిగింది. మావైపైతే ముందు మన ఊరు, ఇంటిపేరు, పిల్లలెంతమంది అన్నీ అడిగి చివరకు వేలి దగ్గరకు వచ్చేవారు. ఈరన్న చెప్పాడు. మలేషియా, ఆస్పత్రి, ఫిర్యాదు, కాగితాలు.

మరియమ్మ అంతా విని, “మా ఇంటాయనకు పూనాల మిషన్ల పడి రెండు వేళ్లు తెగినయి” అంది. “పనికి తోల్కపోయిన మేస్త్రి వచ్చి బస్సెక్కిచ్చిండు. గంతే. మీకు కాయిదం అన్న అడిగిండ్రు. కాయిదం అడిగిండ్రంటే మనిషి లెక్క సూసినట్టే గద.”

ఫౌంటెన్ ఆస్పత్రివాళ్లు మమ్మల్ని మనుషుల్లాగే చూశారన్నమాట. ఆ లెక్కన ఆ మేస్త్రి పక్కన నిలబడాల్సింది వాళ్లు కాదు, నేను. మేం ఆటో ఎక్కేముందు ఆమె కొంగులోంచి గుప్పెడు పచ్చి పల్లికాయలు తీసి ఈరన్న చేతిలో పోసింది. కాయలు ఒలవలేడని ఆమెకు తట్టింది, వెంటనే వాటిని తీసి నా చేతిలో పోసింది. “నువ్వు ఒలిచియ్యి సార్” అంది. దారంతా ఒలిచి ఇచ్చాను. నా చదువు పనికొచ్చిన రోజుల్లో అదొకటి.

నాగర్‌కర్నూలు

డాక్టరు దొరికాడు. నలభై ఏళ్లుంటాయి. వేలు వంచి చూశాడు, కొలత వేశాడు, సూదితో కొస గుచ్చి “తెలుస్తుందా” అన్నాడు. తెలియలేదు. అంతదాకా బాగానే ఉంది. తర్వాత వీడియో చూశాడు. రెండుసార్లు చూశాడు.

“మంచిగ నేస్తున్నవు గద!” అన్నాడు. ఈరన్నకు పొగడ్త ఒకటి, నష్టం ఒకటి, రెండూ ఒకే మాటలో వచ్చాయి. ముందుగా పొగడ్తే అందుకున్నాడు, మొహం చూస్తే తెలిసింది.

ఇంట్లో భార్య సాయం లేకుండా నేయలేడనీ, ఆ జానెడుకూ పూట పట్టిందనీ నేను చెప్పాను.

“ఉండొచ్చు సార్. వీడియోల ఒక్కడే ఉన్నడు. నేను చూసిందే రాస్త, చూడంది రాయను” అన్నాడు. నాకు ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి ఏ సందూ దొరకలేదు. చూడనిది రాయను అనేవాడు మలేషియాలో ఆ రోజు నా పక్కన ఒక్కడుంటే బాగుండేది.

‘వేలు వంగదు, కొసకు స్పర్శ లేదు. అయితే వృత్తిపని చేయగలుగుతున్నాడు’ అని రాశాడు. రాస్తూ ఈరన్నను అడిగాడు. “ఆపరేషన్ ముందు చెప్పిండ్రా? వేలు గిట్ల బిగుసుకపోవచ్చని, పట్టీ కట్టుకున్నా సరిపోతదని?”

నేను గోడమీద ఎముకల బొమ్మ చూస్తున్నాను.

“సార్ అన్నీ జెప్పిండు” అన్నాడు ఈరన్న.

“మరింకేంది? తెలిసే చేయించుకున్నవు” అని డాక్టరు ముద్ర వేశాడు.

బయటికొచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. కాసేపయ్యాక అడిగాను. “అలా ఎందుకు చెప్పావు ఈరన్నా? నేను చెప్పలేదు కదా.”

“మరి డాక్టర్ ముంగట నీ ఇజ్జత్ తియ్యాల్నా?”

“నేను చెప్పలేదని నీకు తెలుసా?”

“ఎరుకనే సార్. ఆ డాక్టర్ గంతసేపు మాట్లాడిండు, నువ్వు రెండు మాటలు జెప్తివి. నాకు ఇంగ్లీషు తెల్వదు గాని పొడుగు తెలుస్తది గద. బారెడు గుడ్డ తీస్కపోయి జానెడు తెచ్చిస్తే నేతగానికి ఎరుక గాదా?”

ఏడాదిగా తెలుసు. బస్టాండుకు ఎదురొచ్చినప్పుడు తెలుసు, వగ్గాని తినిపించినప్పుడు తెలుసు. జయమ్మకు తెలుసా అని అడగబోయి మానేశాను. ఏడుపొచ్చింది. చేపముల్లు గుచ్చుకుందని చెప్పుకోవడానికి జూరాల దూరమైపోయింది.

అప్పుడు రెండో కాగితం సంగతి చెప్పాను. అంగీకారపత్రం నకలు తీసి చూపించాను. ఈరన్న నా సంతకం చూసి, “మంచిగున్నది సార్ నీ దస్కతు” అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు.

కోర్టు దగ్గర రేకుల షెడ్డులో ఒకావిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. పక్కనే నోటరీ. ఏం రాయాలో చెప్పమంది. ఇంగ్లీషులో చెప్పాను. మూడు జిల్లాలు తిరిగి ఎగ్గొట్టిన పేరా తీరా చెబితే పావుగంట కూడా పట్టలేదు.

ఒకచోట ఆమె ఆగింది. “డాక్టర్ ఎంతసేపు మాట్లాడిండు సార్?”

“నాలుగు నిమిషాలు.”

“మీరేం చెప్పిండ్రు ఈయనకు? ఏం చెప్పిండ్రో గదే రాయాలె.”

“‘ఏం కాదంట, చిన్న ఆపరేషనంట.’”

“గంతేనా?”

“అంతే. ఏడింటికి నాకు సన్మానం ఉంది, శాలువా కప్పుతారు, ఆలస్యమవుతుందని.”

“శాలువా సుత రాయాల్నా?”

“రాయండి” అన్నాను.

కాగితం బయటికొచ్చింది. నోటరీ పెన్ను ముందుకు తోశాడు. ఈరన్న పెన్ను అందుకుని, నాకివ్వకుండా పట్టుకున్నాడు.

“గీ కాయిదంల ఏం రాసిండ్రు సార్?”

ఏం లేదు, జరిగింది రాశాం అనే మాట అలవాటుకొద్దీ నాలుక మీదికి వచ్చింది. మింగేశాను. కాగితం ముందు పెట్టుకుని మొదటి వాక్యం నుంచి ఒక్కటీ వదలకుండా తెలుగులో చదివి చెప్పాను. ఆపరేషన్ తప్పనిసరి కాదని మలేషియా డాక్టరు చెప్పిన సంగతి, పట్టీ సంగతి, ఆరు వారాల సంగతి, వేలు బిగుసుకుపోవచ్చన్న సంగతి, ఎంపిక రోగిదేనని రెండుసార్లు అన్న సంగతి. ఏడాది ఆలస్యంగా ఆ నాలుగు నిమిషాల మాటలూ అతనికి చేరాయి. ఈరన్న మగ్గం మీద పోగు చూసినంత శ్రద్ధగా విన్నాడు.

“గీ మాట ఆ దినం జెప్పుంటే, పట్టీనే కట్టించుకుందును సార్” అన్నాడు.

కోపంగా అనలేదు. పెన్ను నాకు అందించాడు. బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకుని.